కన్యాకుమారి అడిగిన మంచినీళ్ళు

కొట్టు పెట్టుకున్న మనిషికి ఊరి సంగతులు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరేం కొంటున్నారో, ఏం కొనడం మానేశారో చూసుకుంటే చాలు. మా ఎదురింటి జగ్గమ్మ గడ్డం బ్లేడు కొనడం మానేసి, అగరొత్తులు ఎక్కువ కొనడం మొదలెట్టినప్పుడే ఆవిడ కొడుకు బంగారురాజుకి బాగులేదని ఊరందరికంటే ముందు నాకు తెలిసింది. గరివిడి నుంచి మా ఊరికొచ్చే రోడ్డు మీద మొదటి కొట్టు మాదే. నా పేరు ఝాన్సీలక్ష్మి. ఊళ్ళోవాళ్ళ సంగతి నీకెందుకే అని మా ఆయన రోజూ విసుక్కుంటాడు. ఎందుకో నాకూ తెలీదు. తెలుసుకోకపోతే అన్నం సహించదు, అంతే.

అలాంటి నా కళ్ళ ముందు, ఓ మంగళవారం పొద్దున్న ఆటో దిగి ఒక కొత్త మనిషి తిన్నగా జగ్గమ్మ ఇంట్లోకి వెళ్ళింది. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో గొడుగు, మెడలో బ్యాడ్జీ. ఆరోగ్య కార్యకర్త అనుకుందామంటే మా ఊరి ఆరోగ్య కార్యకర్త నాకు తెలుసు. అప్పులవాళ్ళ మనిషి అయితే మొహం అంత ప్రశాంతంగా ఉండదు. ఎండెక్కేదాకా ఆ ఇంటి అరుగు మీద కూర్చుంది. జగ్గమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆవిడ చేయి అడ్డంపెట్టి వద్దంది. లోపలి గది వైపు తిరిగి, "బంగారురాజూ, కాసిని మంచినీళ్ళిస్తావా తమ్ముడూ?" అంది. లోపల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంకాసేపు కూర్చుని లేచి, రోడ్డు దాటి నా కొట్టుకొచ్చి నీళ్ళ ప్యాకెట్టు అడిగింది.

ప్యాకెట్టు కొరికి, చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకున్న కుంకుమభరిణె తీసింది. అందులో కుంకుమ లేదు, మాత్రలున్నాయి. ఒకటి నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. ఇంక నేను ఆగగలనా?

"ఎవరమ్మా నువ్వు? ఏమిటా మాత్ర?" అన్నాను.

"నా పేరు కన్యాకుమారమ్మా. మాది నెల్లిమర్ల అవతల. ఇది మతిజబ్బు మాత్ర. పగటేల ఒకటి, రేత్రేల ఒకటి ఏసుకుంతాను."

ఎవరైనా జలుబు మాత్ర గురించి చెప్పినట్టు చెప్పింది. నేను గల్లాపెట్టె మూత దించి, ఒకడుగు వెనక్కి వేశాను. ఆవిడ చూసి నవ్వింది.

"బయపడకండమ్మా. బాగయ్యి పదేళ్ళు దాటిపోనాది. ఇప్పుడదే నా ఉద్యోగం. ఆస్పత్రి నుంచి వచ్చి తేరుకుంటన్నోళ్ళ కాడికెల్లి తోడు కూకుంతాను. నాను డాట్రమ్మని కాను, నర్సమ్మనీ కాను. ఆ జబ్బు నాకూ వచ్చినాది గాబట్టి మతిజబ్బోలకి సాయం సేసే మా సొసైటీవోలు నాకీ పనిచ్చినారు."

జబ్బు వచ్చినందుకు ఉద్యోగం ఇవ్వడం నేనెక్కడా వినలేదు. నా భయం అక్కడే ఆగిపోయింది. దాని చోట్లో బోలెడు ప్రశ్నలు పుట్టుకొచ్చాయి. ముందు బంగారురాజు గురించి అడిగాను. గదిలో ఏం చేస్తున్నాడు, ఏమైనా మాట్లాడాడా, మళ్ళీ ట్రాక్టరు ఎక్కుతాడా అని.

"ఆ అబ్బాయి సంగతి ఆ అబ్బాయిదమ్మా, నాను సెప్పకూడదు. నా సంగతయితే ఏటి కావాలంటే అది అడగండి," అంది.

నాకు ఒళ్ళు మండింది. ఎదురింటి సంగతి నాకు చెప్పకపోవడమేమిటి? కానీ ఆవిడ రెండో మాట కూడా నిజంగానే అంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి మంగళవారం నా కొట్లో నీళ్ళ ప్యాకెట్టు కొనుక్కుని, మాత్ర వేసుకుని, ఆటో వచ్చేదాకా నా ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పేది. సిగ్గుపడేది కాదు, గొప్ప చెప్పుకునేదీ కాదు.

వాళ్ళది గోగు పండించే ఇల్లు. గోగు కట్టలు చెరువులో ఊరబెట్టి, కుళ్ళాక నడుంలోతు నీళ్ళలో నిలబడి నార తీస్తారు. ఆ కంపు మాకూ తెలుసు. పెళ్ళయిన కొత్తలో పుట్టింటికి వచ్చి నార తీస్తూండగా, చచ్చిపోయిన వాళ్ళ నాయనమ్మ గొంతు వినిపించిందట. పని సరిగ్గా చెయ్యడం లేదని తిట్టిందట.

"బతికున్నప్పుడూ అలాగే తిట్టేది. అందుకే నిజమనుకున్నాను," అంది కుమారి.

తర్వాత తెలియని గొంతులు వచ్చాయి. అవి నాయనమ్మ తిట్టినట్టు కాదు, నూతిలో దూకమనేవి. ఇంట్లోవాళ్ళు చూపించని చోటు లేదు, కట్టించని తాయెత్తు లేదు. చివరికి మంచానికి కట్టేశారు.

"ఏ తాడుతో కట్టారు?" అన్నాను. ఎందుకడిగానో నాకే తెలీదు. నా బుర్ర అలాంటిది.

ఆవిడ నాకేసి కొత్తగా చూసింది. "ఇంతవరకు నన్నెవులూ అడగనేదు. మా గోగునార తాడేనమ్మా. మా నాన్న పేనినాడు. శానా గట్టిది," అంది. పెద్దగా నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు. ఆ పూట అన్నం తింటున్నంతసేపూ ఆ తాడే గుర్తొచ్చింది.

విశాఖలో పెద్దాసుపత్రిలో చేర్చాక నెమ్మదిగా తేరుకుందట. ఆవిడ మొగుడు విజయ్‌కుమార్ లారీ డ్రైవరు. వదిలేసి పోతాడని ఊరంతా అనుకున్నారు గానీ పోలేదు. "మంచోడేనమ్మా. ఒక్కటే నాకు మండుతాది. కూరలో ఉప్పు సాలనేదని నాను గట్టిగా అన్నాననుకో, 'ఇయ్యాల మాత్ర ఏసుకున్నావేటి?' అంతాడు. మతి బాగున్నోలకి కోపం రాదేటమ్మా?" అంది. మా ఆయన్ని తలుచుకుని, రాకపోవడమేమిటి అన్నాను.

ఇలా ఆవిడ గురించి నాకు అన్నీ తెలుస్తున్నాయి గానీ ఆవిడ పని మాత్రం ఒక్క అడుగు ముందుకు కదలడం లేదని నా అరుగు మీద నుంచే కనిపిస్తోంది. ప్రతిసారీ అదే తంతు. జగ్గమ్మ నీళ్ళు తెస్తుంది. కుమారి వద్దంటుంది. గదివైపు తిరిగి బంగారురాజుని అడుగుతుంది. ఆ గది తలుపు తెరుచుకోదు. ఆవిడ వచ్చి నా దగ్గర ప్యాకెట్టు కొంటుంది.

బంగారురాజు సంగతి కుమారి చెప్పకపోయినా వాళ్ళమ్మ నాకు ఎప్పుడో చెప్పుకుని ఏడ్చింది. దుక్కి రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఈ అబ్బాయి ట్రాక్టరే కావాలి. అలాంటివాడు, పొలంలో ఎవరో తనని పేరుపెట్టి పిలుస్తున్నారని ట్రాక్టరు నడుస్తుండగానే వదిలేసి పరుగెత్తాడు. ఆసుపత్రిలో కుదుటపడి వచ్చాడు. ఇంటికొచ్చాక మాత్రలు వద్దన్నాడు. పాపం జగ్గమ్మ, వాటిని నూరి చోడి అంబలిలో, అదే రాగి జావలో, కలిపింది. ఒకరోజు గిన్నె అడుగున తెల్లటి పొడి అతని కంటపడింది. అంతే, ఆ రోజు నుంచి తల్లి చేతి అంబలి ముట్టలేదు. తన అన్నం తనే వండుకుంటున్నాడు, తన నీళ్ళు తనే కూజాలో పట్టుకుని గదిలో పెట్టుకుంటున్నాడు. తల్లితో మాట కూడా లేదు.

జగ్గమ్మ తమ్ముడు సోములుకి ఇది చూసి మనసు ఆగలేదు. మేనల్లుణ్ణి భుజాల మీద ఎక్కించుకుని పెంచిన మనిషి. ఒడిశా సరిహద్దు దాటాక కొండ దిగువన ఎవరో గురువు ఉన్నాడట. అమావాస్యనాడు తీసుకెళ్తే గొలుసు వేసి కూర్చోబెడతాడట. పట్టినది దిగేదాకా విప్పడట. ఆ నెల అమావాస్యకి వ్యాను మాట్లాడేశాడు. రాకపోతే కట్టి తీసుకెళ్ళడానికి ఇద్దరు మనుషుల్ని కూడా చెప్పుకున్నాడు. జగ్గమ్మ ఔననలేదు, కాదనలేదు. కొబ్బరికాయలు, పసుపు, కర్పూరం కావాలని మాత్రం నాకు చెప్పి వెళ్ళింది.

ఆ పాటికి ఊళ్ళో ఇంకో మాట పుట్టింది. పుట్టింది నా కొట్టు ముందు బల్ల మీదే. నారాయణమూర్తి అని, నా బల్ల మీద కూర్చుని నా పేపరే చదివి నాకే వార్తలు చెప్పే మనిషి ఒకడున్నాడు. కుమారి ప్యాకెట్టు కొరకడం చూసి తల పంకించాడు.

"సూసినావా ఝాన్సమ్మా? ఆ ఇంట్లో సెంబుడు నీళ్ళిస్తే ముట్టుకోదు. ఇక్కడికొచ్చి కొనుక్కుని తాగతాది. ఎందుకంతావు? ఆ ఇంట్లో సిల్లంగి ఉన్నాదని ఆవిడకి తెలిసిపోనాది."

చిల్లంగి అంటే మా వైపు మాటలా? చేతబడి చేశారనో, చేయించుకున్నారనో ఒక ఇంటికి ఆ పేరు అంటుకుందంటే ఆ ఇంటికి పిల్లనివ్వరు, ఆ పొలంలో కూలికి రారు. నేను ఆ పేపరు లాక్కుని, "నోరు ముయ్యి బాబూ. ఇంకోసారి ఆ మాటన్నావంటే నా బల్ల నేను లోపల పెట్టుకుంటాను," అన్నాను. కానీ బయటికొచ్చిన మాటకి నా బల్లతో పనేముంది? సాయంత్రానికి నూతి దగ్గరికి చేరింది, మర్నాటికి సోములుకి చేరింది. అక్కగారి ఇంటికొచ్చి అరుగు మీద నిలబడి, "ఆ మాత్రల మనిషే పసిగట్టీసినాది! ఇంకేటి సూస్తావప్పా?" అని అరిచాడు. తలుపు వెనకాల ఉన్న బంగారురాజుకి కూడా వినిపించే ఉంటుంది.

అమావాస్య బుధవారం. మంగళవారం కుమారి ఆటో దిగుతుండగానే పిలిచాను. ఆ ఇంటి గుమ్మం తొక్కకముందే చెప్పాలనిపించింది.

"అమ్మా కుమారీ, మా వైపు ఇంటికొచ్చిన మనిషి చేతికి నీళ్ళందించడం ఎంత మర్యాదో నీకు తెలీదా? నువ్వూ ఇటుదానివే కదా! వద్దు వద్దంటే ఆ తల్లి ఏమనుకుంటుంది? ఊరేమనుకుంటుంది?" అని మొదలెట్టి, చిల్లంగి మాట, వ్యాను మాట, గొలుసు మాట అన్నీ చెప్పేశాను. కోపంగానే చెప్పాను.

ఆవిడ గొడుగు మూసి, నా బల్ల మీద కూలబడింది. మొహం పాలిపోయింది.

"ఎంత పని సేసినానమ్మా!" అంది. తర్వాత తనే చెప్పింది.

"నాకు బాగునేనప్పుడు మా ఇంట్లో అందరూ నాకు అన్నీ సేసినారు. తినిపించినారు, నీళ్ళు పోసినారు, తల దువ్వినారు. కానీ నన్నెవులూ ఏటీ అడగనేదమ్మా. ఇది తే అని గానీ, అది సెయ్యి అని గానీ, నీకేటి కావాల అని గానీ. మంచానికి తాడు తీసీసినాక కూడా అడగనేదు. నాను మనిషిని కాదనే అనుకున్నాను. ఓనాడు మా గట్టు మీద కూకున్నాను. నా సంగతి తెలీని కూలిమనిషి ఒకావిడ కట్టెలమోపు దింపి, 'ఓలప్పా, కాసిని మంచినీళ్ళియ్యే' అన్నాది. లేచెల్లి ఇచ్చినాను. ఆవిడ తాగి, సల్లగుండు అన్నాది. ఆ రోజే నాకు బాగవడం మొదలయినాదని నాకు తోస్తాది. అందుకే నాను ఎవులింటికెల్లినా ఆ మనిషినే నీళ్ళడుగుతాను. ఆలిచ్చిన నీళ్ళతో ఆల ముందే నా మాత్ర ఏసుకుంతాను. ఈ పిచ్చిలో పడి ఆ తల్లి సేతిలో సెంబు నాకు కనబడనేదు."

ఇన్నాళ్ళూ నా ప్రశ్నలకి చెప్పిన జవాబులన్నిటికంటే, తనంతట తను చెప్పిన ఈ ఒక్క జవాబు నా గుండెల్లో పడింది. నాకు కళ్ళు తడిశాయి. ఆవిడ అప్పటికే రోడ్డు దాటుతోంది. జగ్గమ్మ చెప్పిన కొబ్బరికాయలు ఇవ్వాలి కదా అని, సంచీ పట్టుకుని నేనూ వెనకాలే వెళ్ళాను.

ఆ రోజు జగ్గమ్మ నీళ్ళు తేలేదు. స్తంభానికి ఆనుకుని అటు తిరిగి కూర్చుంది.

"అమ్మా, దాహమేస్తన్నాది," అంది కుమారి.

"మా ఇంటి నీళ్ళు మీకు పడవు కదమ్మా," అంది జగ్గమ్మ, మొహం తిప్పకుండానే.

కుమారి ఆవిడ ఎదురుగా కింద కూర్చుంది. రోడ్డు మీద పోయేవాళ్ళకి కూడా వినిపించేంత గట్టిగా, "నాది తప్పమ్మా. మీ ఇంట్లో ఏటీ లేదు. మీ అబ్బాయి సేతి నీళ్ళు తాగాలని ఆశపడి మీ సేయి కాదన్నాను. నన్ను మన్నించీయండి," అంది. తన కథంతా మళ్ళీ చెప్పింది, తాడుతో సహా.

జగ్గమ్మ లేచి చెంబు నింపి తెచ్చింది. కుమారి ఎత్తిపట్టి గటగటా తాగి, చెంబు బోర్లించి చూపించింది. ఒక్క చుక్క లేదు. జగ్గమ్మ కళ్ళొత్తుకుంటూ, "ఇంకొన్ని తెస్తానుండమ్మా," అని బిందె తీసుకుని కుళాయికి వెళ్ళింది. కుళాయి వీధి చివరుంది.

ఈలోగా కుమారికి మాత్ర వేళయింది. భరిణె తీసింది, మాత్ర నోట్లో వేసుకుంది. మింగబోయింది. అది గొంతులో అడ్డంపడింది. కళ్ళలో నీళ్ళొచ్చేలా దగ్గింది. నీళ్ళ ప్యాకెట్టు కోసం నేను కొట్లోకి పరుగెత్తబోయాను.

గది తలుపు తెరుచుకుంది.

"అది ఒట్టిగా మింగకూడదు. అంటుకుపోతాది. సేదు సాయంత్రం దాకా దిగదు," అంటూ బంగారురాజు బయటికొచ్చాడు. గడ్డం గుండెల దాకా ఉంది. చేతిలో తన కూజా నీళ్ళున్న గ్లాసు. కుమారి అందుకుని తాగింది. అతను ఆవిడ గొంతు వైపే చూస్తూ నిలబడ్డాడు, దిగిందా లేదా అని.

"సల్లగుండు తమ్ముడూ," అంది.

"నాను తలుపెనకాల్నుంచి ఇన్నాను. ఆ గొంతులు నీకు ఆగిపోనాయా అప్పా?" అన్నాడు.

"సాలామట్టుకు. నిద్ర సాలకపోతే ఎప్పుడైనా వస్తాయి. వచ్చినా నాను పలకరించను, కూకోమనను. ఎల్లిపోతాయి."

అతను అరుగు మీద కూర్చున్నాడు. ఇంక వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. కుమారి నాకేసి ఒక చూపు చూసింది. కొబ్బరికాయలు అక్కడ పెట్టి వచ్చేశాను. అలా రావడం నా జన్మలో మొదటిసారి.

మర్నాడు పొద్దెక్కాక వ్యాను వచ్చింది. కుమారి లేదు. ఆవిడకి బుధవారం వేరే ఊరుంది. సోములు ముందు దిగాడు, వెనకాల ఇద్దరు మనుషులు తాడు పట్టుకుని దిగారు. నేను కొట్టు అలాగే వదిలేసి వెళ్ళాను. నారాయణమూర్తి కూడా వచ్చాడు. జగ్గమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. "పక్కకి తప్పుకో అప్పా, వాడి మంచికే," అన్నాడు సోములు.

జగ్గమ్మ వెనక నుంచి బంగారురాజు చెంబుతో వచ్చాడు. తాడు పట్టుకున్నవాళ్ళ వైపు చూశాడు. చెంబులో నీళ్ళు తొణికాయి. అయినా మేనమామ ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"నీళ్ళు తాగు మావా. ఎండన పడి వచ్చినావు," అన్నాడు.

ఆ నోట మావా అన్న పిలుపు విని ఎన్నాళ్ళయిందో! సోములు చెంబు అందుకున్నాడు గానీ తాగలేకపోయాడు. మెట్టు మీద కూర్చుండిపోయి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాసేపటికి నీళ్ళు తాగి, కండువాతో మొహం తుడుచుకుని, మేనల్లుణ్ణి చూశాడు.

"ఒరే, నువ్వేటంతావురా? ఎల్దామా, వద్దా?"

బంగారురాజు మెట్టు మీద మేనమామ పక్కన కూర్చుని, "ఇన్నాళ్ళకి నన్నడిగినావు మావా," అన్నాడు. "నానెల్లను. మాత్రలేసుకుంతాను. అంబలిలో కలపొద్దని అమ్మకి సెప్పు. నా సేతికియ్యమను."

జగ్గమ్మ లోపలికి పరుగెత్తి మాత్రల డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టింది. తాడు పట్టుకున్నవాళ్ళు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక వ్యాను సీటు కింద తోశారు. కొబ్బరికాయలు నాకు తిరిగొచ్చాయి. తీసుకున్నాను.

తర్వాతి మంగళవారం కుమారి ఆటో దిగగానే ఎదురెళ్ళాను. వారం రోజులుగా కడుపులో దాచుకున్నాను, చెప్పకపోతే చచ్చిపోయేలా ఉన్నాను. "ఏమైందో తెలుసా..." అనేసరికి ఆవిడ రెండు చెవులూ మూసేసుకుంది.

"సెప్పకండమ్మా! ఆ అబ్బాయి సంగతి ఆ అబ్బాయే సెప్తాడు," అని నవ్వుతూ రోడ్డు దాటేసింది.

ఆ మాత్ర నిజంగా గొంతుకి అడ్డంపడిందా, కావాలనే నీళ్ళు లేకుండా వేసుకున్నావా అని కూడా అడిగి చూశాను. నిజంగానే అంటుకున్నాదమ్మా అంది. నాకు ఇప్పటికీ పూర్తి నమ్మకం లేదు. ఒకటి మాత్రం నా కొట్టు వల్ల నాకు తెలుసు. జగ్గమ్మ మళ్ళీ గడ్డం బ్లేడు అడగలేదు, బంగారురాజే వచ్చి అడిగాడు. కుమారి మాత్రం నా దగ్గర నీళ్ళ ప్యాకెట్టు కొనడం మానేసింది.